జేగురు గుల్లలో కాపురం పెట్టిన పీత

మ్యూజియం ఉద్యోగం గురించి మీ వయసు పిల్లలకి ఒక అభిప్రాయం ఉంటుంది. అక్కడ ఏ వస్తువూ కదలదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఫ్యాను కింద కూర్చుంటే జీతం వస్తుంది అని. నేనూ అలాగే అనుకుని చేరాను. ఫ్యాను సంగతీ జీతం సంగతీ మీరే చేరి తెలుసుకోండి. వస్తువులు కదలవన్న మాట మాత్రం శుద్ధ అబద్ధం. మా మ్యూజియంలో ఒక వస్తువు నంబరుతో సహా నడిచి వెళ్ళిపోయింది.

ఆ సంగతి రాసిపెట్టమని మా మేనకోడలు ఎన్నాళ్ళ నుంచో పోరుతోంది. తీరా రాస్తే తనే చదవలేదు. మన ద్వీపాల పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. చదవగలిగినవాళ్ళు పక్కవాళ్ళకి చదివి వినిపించండి.

మా తాత సిక్కోలు వైపు సముద్రపు ఒడ్డు నుంచి వలలతో వచ్చాడు. మా నాన్న పడవ తోలాడు. నేను గ్యాలరీ అసిస్టెంటునయ్యాను. మా అమ్మ దాన్ని ‘చేపల వాసన లేని ఉద్యోగం’ అని నలుగురికీ గొప్పగా చెప్పుకునేది. చేపల వాసన లేని మాట నిజమే, బూజు వాసన ఉండేది. మన వానల్లో, మన గాలిలో, మ్యూజియం పనంటే సగం బూజుతో యుద్ధమే. ఇవాళ తుడిచిన పుస్తకం మీద రేపు మళ్ళీ పచ్చిక మొలుస్తుంది.

మాది చిన్న మ్యూజియం. మిన్నీ బే వైపు, సముద్రానికి వీపు పెట్టుకుని ఉండేది. వెనక వరండా, దాని తరవాత నాలుగు కొబ్బరిచెట్లు, ఆ తరవాత రాళ్ళు, నీళ్ళు. నేను రిటైరవడానికి ముందు చివరి ఏడాది మా క్యూరేటర్‌గారు ఒక కొత్త గది తెరవాలని పట్టుబట్టారు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు, నాకు కొడుకు వయసు. నన్ను ‘మేడం’ అనేవాడు, నేను ‘సార్’ అనేదాన్ని, ఇద్దరికీ కాస్త నవ్వొచ్చేది.

ఆ గది ఒక చిత్రకారుడి కోసం. ఆయన కూడా మావాళ్ళతో పాటే ఆ ఒడ్డు నుంచి వచ్చినవాడు. పడవలకి పేర్లు రాయడం ఆయన వృత్తి. జెట్టీలో ఏ పడవ ముక్కు చూసినా ఆయన చేతి అక్షరాలే ఉండేవి. పొద్దున్నే కాగితం మీద నీళ్ళ రంగులతో బొమ్మలు వేసుకునేవాడు. ఓడ కోసం ఎదురుచూసే జనం, ఎండలో ఆరేసిన వలలు, వాన వచ్చేముందు సముద్రం. బతికుండగా ఆ కాగితాలు ఎవరికీ పట్టలేదు. పోయాక అందరికీ కావలసివచ్చాయి. మామూలే కదా.

బొమ్మలు కొన్ని మా మ్యూజియానికి వచ్చాయి. క్యూరేటర్‌గారికి అవి చాలలేదు, పనిముట్లు కూడా కావాలన్నారు. బొమ్మ చూస్తే ఏం వేశాడో తెలుస్తుంది, కుంచె చూస్తే ఎలా వేశాడో తెలుస్తుంది అనేవారు. ఇద్దరం కలిసి ఆ చిత్రకారుడి భార్య దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మిన్నీ బే మెరక మీద కొడుకుల దగ్గర ఉండేది. సన్నటి మనిషి, కోపంగా ఉందో నవ్వుతోందో పోల్చుకోలేని ముఖం. నేను ‘పిన్నీ’ అని పిలిస్తే పలికేది.

ఆవిడ ఇచ్చిన సామాను చూస్తే మీకు నవ్వొస్తుంది. అరిగిపోయిన కుంచెలు, గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి, సగానికి విరిచిన పళ్ళ బ్రష్షు, ఒక కాలు కింద హవాయి చెప్పు ముక్క మేకేసి కొట్టిన ముక్కాలిపీట, రంగులు తుడిచీ తుడిచీ అట్టలా బిగుసుకున్న తువ్వాలు. చివర్న ఐదు గుల్లలు. సముద్రపు నత్తలవి, పిడికిలంత పెద్దవి. పళ్ళేల బదులు ఆయన వాటిలోనే రంగులు కలుపుకునేవాడట. ఒక్కోదాంట్లో ఒక్కో రంగు ఎండిపోయి ఉంది. నీలం, ఆకుపచ్చ, నలుపు, పసుపు. ఐదోదాంట్లో జేగురు, అంటే ఎర్రమట్టి రంగు, అడుగున మందంగా గడ్డకట్టి.

మిగతా సామాను జీపు వెనక వేశాం. గుల్లలు మాత్రం పిన్ని పాత చీర ముక్కలో చుట్టి తన ఒళ్ళో పెట్టుకుని మ్యూజియం దాకా వచ్చింది. బల్ల మీద పెట్టి, ఐదింటినీ ఒక్క చోటే ఉంచాలి, ఒకదాన్నించి ఒకటి విడదీయకూడదు అని మాట తీసుకుంది. జేగురు గుల్లని మళ్ళీ ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, పెట్టేసి, ఇంటికి దింపమంది.

ఆ తరవాత నాకు కష్టకాలం మొదలైంది. నా చేతులు ముప్పై ఏళ్ళుగా తుడవడానికి అలవాటుపడ్డ చేతులు. క్యూరేటర్‌గారేమో తెల్ల చేతిజోళ్ళు తొడుక్కుని, ఒక్క మరక కూడా చెరపడానికి వీల్లేదన్నారు.

“ఆ మురికే చరిత్ర, మేడం,” అనేవారు.

మా ఇంట్లో వంటగట్టు నిండా చరిత్ర ఉంది, వచ్చి చూడమన్నాను. ఆయన నవ్వలేదు. పాపం, ఆ విషయంలో మాత్రం ఆయనకి హాస్యం తెలియదు. ప్రతి వస్తువుకీ కనపడనంత చిన్న అక్షరాలతో నంబరు వేయించారు. గుల్లలకైతే పెదవి అంచు మీద నేనే నల్లసిరాతో రాసి పైన వార్నిష్ పూశాను.

గది తెరిచే వారంలో వాన విడవకుండా కురిసింది. ఒకరోజు పెట్టె తీస్తే తువ్వాలు మీద తెల్లగా బూజు. క్యూరేటర్‌గారు కంగారుపడి, వాన తెరిపిచ్చిన పూట సామానంతా వెనక వరండాలో నీడన ఆరబెట్టమన్నారు. నేను పాత గుడ్డ పరిచి అన్నీ వరసగా పెట్టాను. కాపలాకి గార్డు భయ్యా కూర్చున్నాడు. ఆయన సైన్యంలో చేసి వచ్చినవాడు, వాళ్ళ పెద్దలు రాంచీ వైపు నుంచి వచ్చారు. మాతో హిందీ, తెలుగు కలిపి వాయించేవాడు. కాకులు, కుక్కలు, మేకలు రాకుండా చూడమని చెప్పి నేను లోపలికి వెళ్ళాను. ఆయన కాకులు, కుక్కలు, మేకలు రాకుండానే చూశాడు.

సాయంత్రం సామాను తీయడానికి వచ్చాను. గుల్లలు లెక్కపెడితే ఐదే. సర్దబోతే ఐదోది చేతికి వేరుగా తగిలింది. జేగురు గుల్ల ఉండాల్సిన చోట, అంచు విరిగి, పాచి పట్టి, ఎవరిదో ముసలి గుల్ల. లోపల జేగురూ లేదు, పైన నంబరూ లేదు.

గార్డు భయ్యా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మన బీచిలో పెరిగిన ఎవరికైనా అర్థమయ్యే సంగతే. గుల్లలో దూరి తిరిగే పీత ఒకటి వచ్చింది. తనకి ఇరుకైన పాత ఇల్లు విడిచి, మా మ్యూజియం గుల్లలో దూరి, చక్కాపోయింది.

“చోరీ తో హుయీ, దీదీ,” అన్నాడు భయ్యా. “కానీ దొంగ మంచోడు. తీసుకున్నాడు, బదులు తన సామాన్ పెట్టి పోయాడు.”

ఈ పీతని పుస్తకాల్లో సన్యాసి పీత అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఇంటి మీద అంత మమకారం సంసారులకి కూడా ఉండదు. పెరిగే కొద్దీ ఇంకాస్త పెద్ద ఇల్లు, ఇంకాస్త మంచి ఇల్లు అని జీవితమంతా వెతుక్కుంటూనే ఉంటుంది.

క్యూరేటర్‌గారికి చెబితే పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడ్డారు. అది చిత్రకారుడి పీట. ఎవరూ ముట్టకూడదని ఆయనే బోర్డు రాయించిన పీట. గుర్తొచ్చి నిప్పు తొక్కినట్టు లేచి నిలబడ్డారు. పిన్నికి ఏం చెప్పాలి అన్నదే ఇద్దరి బాధా. ఉద్యోగం సంగతి తరవాత, ముందు ఆవిడ ముఖం ఎలా చూడటం. ప్రారంభోత్సవానికి జీపు పంపిస్తామని చెప్పి ఉన్నాం. ఆవిడ వస్తే బొమ్మల వైపు కూడా చూడదు, నేరుగా గుల్లల దగ్గరికే వెళుతుందని నాకు తెలుసు.

మర్నాడంతా వెతికాం. రాళ్ళ సందులు, మొక్కల మొదళ్ళు, కాలవ గట్టు. తోటమాలి, క్యాంటీనావిడ, చివరికి మ్యూజియం చూడటానికి వచ్చిన ఒక కుటుంబం కూడా వంగి వంగి వెతికారు. కదిలే ప్రతి గుల్లనీ పట్టుకుని పెదవి అంచు చదవడమే పని. క్యాంటీను వెనక, తురిమి పారేసిన కొబ్బరిచిప్ప దగ్గర దొరికింది. హాయిగా తింటోంది. ఎత్తి చూస్తే నా చేతిరాతతో మా నంబరు. ఉద్యోగంలో నా అక్షరాలు చూసి నేను అంత సంతోషపడ్డది ఆ ఒక్కసారే.

దొరికింది సరే, ఖాళీ చేయించడం ఎలా? గార్డు భయ్యా వేడినీళ్ళు పోద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. లాగుదామంటే, క్యూరేటర్‌గారు జంతుశాస్త్రం చదివిన స్నేహితుడికి ఫోన్ చేశారు. లాగితే రెండు ముక్కలవుతుంది గాని పట్టు వదలదని అతను చెప్పాడు. ఒకటే దారి. అంతకన్నా మంచి ఇల్లు చూపించండి, దానంతటదే మారుతుంది అన్నాడు. బీచిలో గుల్లలు ఏరడానికి మన దగ్గర అనుమతి లేదు. వండూర్‌లో ఒడ్డున గుల్ల జేబులో వేసుకున్న టూరిస్టులని ఎలా నిలబెట్టి అడుగుతారో మీకు తెలుసు. అందుకని ఇళ్ళలో ఉన్నవే తెచ్చాం. మా ఇంట్లో సబ్బుపెట్టెగా వాడేది, భయ్యా ఇంట్లో పూజగదిలోది, క్యాంటీనావిడ తలుపు కింద పెట్టుకునేది.

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఇసక పోసి, పీతని వదిలి, చుట్టూ వీటిని పెట్టాం. పీత ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి కొండీతో లోపలంతా తడిమి చూసింది. అద్దెకొచ్చినవాడు కుళాయి తిప్పి చూసినట్టు, కిటికీ తెరిచి చూసినట్టు. చూసి, ఏదీ నచ్చక, జేగురు గుల్లలోకే ముడుచుకుని కూర్చుంది. తెల్లారి ప్రారంభోత్సవం.

ఆ పొద్దున క్యూరేటర్‌గారు అద్దాల పెట్టెలో నాలుగు గుల్లలూ, ఐదోదాని చోట దాన్ని నిలబెట్టే చిన్న పీట ఖాళీగానూ పెట్టి, ‘ఈ వస్తువు సంరక్షణలో ఉన్నది’ అని చీటీ నిలబెట్టారు. మాట అబద్ధం కాదు. టబ్బుని నేను హాలు చివర బల్ల కింద పెట్టి గుడ్డ కప్పాను.

పిన్ని కొత్త నేతచీర కట్టుకుని వచ్చింది. నేను అనుకున్నట్టే నేరుగా పెట్టె దగ్గరికి నడిచింది. చీటీ చదవలేదు, ఆవిడకి చదువు రాదు. ఖాళీ పీట చూసింది. తరవాత నన్ను చూసింది.

“ఎర్రది ఏదమ్మా?”

అబద్ధమాడదామని నేను లోలోపల రెండు మూడు మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాను. ఆ ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పిన్ని ముఖంలో ఏమీ మారలేదు. చూపించమంది. బల్ల కింద గుడ్డ తీశాను. ఆవిడ ఆ కొత్త చీరతోనే నేల మీద చతికిలబడి, టబ్బుని దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఇంతలో ముఖ్య అతిథి వచ్చేశారు. పెద్ద అధికారి, మంచి మాటకారి. దీపం వెలిగించి మన ద్వీపాల వారసత్వం గురించి హిందీలో మొదలుపెట్టారు. క్యూరేటర్‌గారు వేదిక మీద నుంచి చూస్తే ముందు వరసలో పిన్ని కుర్చీ ఖాళీ. హాలు చివర నేనూ, పిన్నీ నేల మీద. ఏదో సైగ చేశారు. నేను టబ్బు వైపు చూపించాను. ఆయన వేదిక దిగి గోడవారగా నడుచుకుంటూ వచ్చారు. వచ్చి పిన్ని పక్కన గొంతుక్కూర్చుని, క్షమించమని అడిగారు. ఎలాగైనా తీయిస్తామన్నారు.

“బాబూ,” అంది పిన్ని నెమ్మదిగా, “మేం ఈ ఊరొచ్చినాక ఎన్ని ఇళ్ళు మారినామో నాకే తెల్దు. సామాన్లు సర్దుకున్నోడ్ని పట్టుకోని మల్లీ కాళీ సెయ్యమంటే ఎలాగుంటాదో నాకు తెలుసు. దాన్ని బెదిరించకండి. మంచిది సూపించండి, ఎల్తాది.”

మంచిది ఎక్కడుంది? ఉన్నవన్నీ అది కాదనేసింది. క్యూరేటర్‌గారు లేచి తన గదిలోకి వెళ్ళారు. ఆయన బల్ల మీద గుండుసూదులు పోసుకునే గుల్ల ఒకటి ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజున వాళ్ళమ్మ దగ్గరుండి దుకాణంలో కొనిచ్చింది. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆయన సూదులన్నీ కాగితం మీద ఒంపేసి దాన్ని తెచ్చి టబ్బులో పెట్టారు, చేతిజోళ్ళు లేకుండా.

పీత కళ్ళు బయటపెట్టింది. నడిచి వచ్చింది. కొండీ పెట్టి తడిమింది, గుల్లని దొర్లించింది, మళ్ళీ తడిమింది. వెనక వరసలో వాళ్ళు ఒకరొకరే తలలు తిప్పారు. కుర్చీలు జరిగాయి. గార్డు భయ్యా గుమ్మం వదిలేసి వచ్చి నిలబడ్డాడు. అక్కడ వేదిక మీద వారసత్వం సాగుతూనే ఉంది, ఇక్కడ సగం హాలు టబ్బు చుట్టూ మూగింది. పీత ఒక్కసారిగా జేగురు గుల్లలోంచి బయటికొచ్చింది. గుల్ల లేని పీతని మీరెప్పుడైనా చూశారో లేదో. వెనకంతా మెత్తగా, వంకరగా, పసిపిల్లలా ఉంటుంది. రెప్ప వేసేలోపల అది సూదుల గుల్లలోకి దూరిపోయింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు. ముఖ్య అతిథి చెయ్యెత్తి నవ్వుతూ నమస్కారం పెట్టి, ఆ ఉత్సాహంలో ఇంకాసేపు మాట్లాడారు. ఆయనకి ఇప్పటికీ ఎవరూ చెప్పి ఉండరు.

నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ పీత ఒంటి వెనకభాగం ఎర్రగా ఉండటం చూశాను.

క్యూరేటర్‌గారు పీత వదిలిన గుల్ల తీసి వెలుతురుకి పెట్టి లోపలికి చూశారు. నా చేతికిచ్చారు. లోపల జేగురు లేదు. తెల్లగా, ముత్యంలా మెరుస్తోంది. ఆ రంగు తుమ్మజిగురుతో కలిపినది, తడి తగిలితే కరుగుతుంది. ఆ పీత గుల్లలో ఎప్పుడూ కాసిని నీళ్ళు దాచుకుంటుందట. లోపల అటూ ఇటూ కదిలి, రుద్ది, మేం వానకీ బూజుకీ దక్కకుండా కాపాడినదాన్ని పిసరు మిగలకుండా తోమిపెట్టింది. వస్తువు దొరికింది గాని, ఏ మరక కోసం దాన్ని దాచామో ఆ మరకే పోయింది.

పిన్ని చెయ్యి చాపింది. ఇచ్చాను. లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసుకుంది. అప్పుడు చెప్పింది. రోజూ పొద్దున ఆయన రంగులు కలుపుకుని బొమ్మలేసేవాడట, మధ్యాన్నం ఆవిడ గుల్లలు కడిగి కిటికీలో బోర్లించేదట. పెళ్ళయిన నాటి నుంచి అదే వరస. ఆ చివరి రోజు ఆయన జేగురు కలిపి, కుంచె ముంచబోయి, గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి మళ్ళీ ఇంటికి రాలేదు. మిగతావి రోజూ కడిగినా పూర్తిగా పోక అడుగున ఎండిపోయిన పాత రంగులే. ఆ ఒక్కటి మాత్రం ఆయన ఆ పూట తన చేత్తో కలిపింది.

“అది కడగడం నా వల్ల అవ్వనేదు,” అంది. “కొడుకులు కడిగీమన్నారు. కోడళ్ళు కడిగీమన్నారు. నీళ్ళ కాడికి తీసుకెళ్ళి మల్లీ తెచ్చి పెట్టీసేదాన్ని. ఈ బాబొచ్చి మురికి ముట్టుకోం అంటే, అలగైతే మీరే ఉంచండని ఇచ్చీసినాను.”

గుల్లని కొంగుతో తుడిచి, ఒకసారి చెంపకి ఆనించుకుని, క్యూరేటర్‌గారి చేతిలో పెట్టింది.

“కడిగీసినాది. పోన్లే. ఎవరో ఒకరు కడగాల కదా.”

క్యూరేటర్‌గారి కళ్ళు చెమర్చాయి. అద్దాల పెట్టె తెరిచి, చీటీ తీసి జేబులో పెట్టుకుని, గుల్లని దాని పీట మీద ఉంచారు. ఐదూ ఒక్క చోటికి చేరాయి. నాలుగు రంగు రంగులుగా, ఐదోది ఇప్పుడే కడిగి బోర్లించినట్టు. పిన్ని పెట్టె దగ్గరికొచ్చి కొంచెంసేపు చూసింది. ఆవిడ ముఖంలో మొదటిసారి, కోపం కాదు, నవ్వే అని నాకు స్పష్టంగా తెలిసింది.

“మరి మిగతా నాలుగూ మురిగ్గా ఉన్నాయి కదా బాబూ,” అంది, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటూ. “కాసిని నీళ్ళు తెప్పించు. ఎలాగూ వచ్చినాను, కడిగీసి పోతాను.”

క్యూరేటర్‌గారు ఒక్క గెంతు గెంతి పెట్టెకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డారు.